అంటుకుపోయిన పేజీలు

1986 ఏప్రిల్, ఆదివారం
రొంపిచెర్ల

రేపే బీకాం ఫైనాన్స్ పేపరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం కదా, నెల రోజులుగా ఇంగ్లీషు గైడు బట్టీ కొడుతున్నాను. సాయంత్రం వర్కింగ్ క్యాపిటల్ జవాబు అప్పజెబుతుంటే క్లాస్‌మేట్ యోహాను ఆపాడు.

"ఒరేయ్, ఏందిరా ఇది? సగంలోంచి డివిడెండ్ చెబుతున్నావు!"

గైడు తెరిచి చూస్తే మధ్యలో రెండు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒక జవాబు తలకి ఇంకో జవాబు తోక తగిలించి చదివాను. ఒక్కసారైనా అనుమానం రాలేదు. అర్థమైతే కదా రావడానికి!

పేజీలు విడదీసి మళ్లీ మొదలుపెట్టాను. నోరు మాత్రం పాత దారినే పోతోంది. ఏడుపొస్తోంది. మిగతా జవాబులైనా సరైనవేనా?

ఇందాక వంటింట్లోంచి అమ్మ అంది: "ఎంత గడగడా చెబుతున్నావురా నాయనా! రేపు గూడా ఇట్టనే రాయి."