టరెట్ కంత ఇక కోయకు, బాబాయ్

బాబాయ్, నేను బడికి వెళ్తున్నాను. బొమ్మ ట్యాంకు టరెట్‌కి, అదే ఫిరంగి ఉండే పై గోపురానికి, రాసిన పుట్టీ ఇంకా ఆరలేదు, సాయంత్రం దాకా ఉప్పుకాగితంతో రుద్దకు. జిగురు వాసనకి తల తిరుగుతుంది, కిటికీ తీసే ఉంచు. అన్నం మూతపెట్టాను. నిన్నటిలా తినడం మర్చిపోయానంటే ఊరుకోను.

టరెట్ పైన మనుషులు దిగే కంతని మళ్లీ పెద్దది చేశావు. బొమ్మతో వచ్చిన కాగితంలో అంత లేదు. ప్లాస్టిక్ రేకుతో నువ్వే కట్టిన అంచు ఉల్లిపొరలా అయిపోయింది. కొలత తప్పావనుకుని నాన్నతో చెప్పి నవ్వాను.

"తెలియక కాదే. యుద్ధంలో మీ బాబాయ్ వాళ్ల ట్యాంకుకి నిప్పంటుకుంటే, తోటి సిపాయి ఒకడు, బొద్దోడు, ఆ కంతలో ఇరుక్కుపోయాడు. వీడు పైనుంచి చేతులు పట్టుకుని లాగుతూనే ఉన్నాడట," అన్నాడు నాన్న. నవ్వినందుకు సిగ్గేసింది.

ఇంకొక్క గీత కోస్తే టరెట్ విరిగిపోతుంది బాబాయ్. కత్తి నా పెట్టెలో దాచాను, కోప్పడకు. సాయంత్రం ఇద్దరం కొత్త పైకప్పు చేద్దాం. కంత ఎంత కావాలో నువ్వే గీయి.

నీ అరచేతుల మీద మచ్చలు వంటింట్లో కాలినవని చెప్పావుగా, ఎవరడిగినా నేనూ అలాగే చెప్తాను.