ఐగుప్తు గంట

ఆళ్లగడ్డ,
2 మే 2023.

నంద్యాల ‘తారక ట్యూషన్స్’ ఆఫీసు వారికి,

రిటైరైన లెక్కల టీచరు అరుణకుమారి వందనాలు. ఫిర్యాదు ఏదైనా కాగితం మీద, సంతకంతో, పోస్టులోనే రావాలని మీ నియమం కాబట్టి పోస్టులోనే పంపుతున్నాను. కంప్యూటర్ల కంపెనీకి ఇదేం నియమమని అడిగే ఓపిక నాకు లేదు.

మీ సాఫ్ట్‌వేరులో నాకు ఒక్కడే విద్యార్థి, శాంసన్. రుద్రవరం మనిషి, నలభై ఏళ్లు, కైరోలో హోటల్ వంటవాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి లెక్కల పరీక్ష రాయడానికి వచ్చే నెల సెలవు పెట్టి వస్తున్నాడు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం 6.30కి మీ స్క్రీను మీద పాఠం. మొన్న శుక్రవారం నుంచి అతను కనిపించడం లేదు. ఐదు పాఠాలు తప్పితే పేరు కొట్టేస్తారట కదా, ఇప్పటికి రెండు తప్పాయి. ఫోన్ చేద్దామంటే, నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదని మీరే నాచేత సంతకం పెట్టించుకున్నారు. సంతకం పెట్టాక తప్పేదాన్ని కాను. కాస్త చూడండి.

అరుణకుమారి

తా.క. శుక్రవారం గంటసేపు ఖాళీ స్క్రీనుకు భిన్నాలు చెప్పాను. కొందరు పిల్లలకంటే అదే నయం, ఆవులించలేదు.

*

నంద్యాల,
4 మే 2023.

టీచరమ్మ గారికి,

యదునందన్ నమస్కారాలు. ఈ ఆఫీసులో సర్వరు చూసేదీ నేనే, ఉత్తరాలు రాసేదీ నేనే. ఆలస్యమైతే మన్నించండి.

విషయం ఏమిటంటే, ఈజిప్టులో ఎండాకాలానికని గడియారాలను గంట ముందుకు తిప్పారు. చాలా ఏళ్ల కిందట మానేసిన పద్ధతిని ఈ ఏప్రిల్ 28న మళ్లీ పెట్టారు. మా డేటాబేసులో దేశదేశాల గడియారాల పట్టిక ఒకటి ఉంటుంది. అది పాతది, దానికి ఈ సంగతి తెలియదు. అందుకే మీకింకా 6.30 అని చూపిస్తోంది. మీరు 5.30కి కూర్చోండి, శాంసన్ దొరుకుతాడు.

కొత్త పట్టిక ఎక్కించాలంటే సర్వరు ఆపాలి. మా యజమాని చెన్నకేశవులు సారు, ‘అహోబిలం అయ్యగార్ల పిల్లోడివి, మంచి గడియ జూసి పెట్టప్పా’ అంటున్నాడు. గడియారం దిద్దడానికి కూడా గడియ చూడాలి. నా చదువు ఇందుకు పనికొస్తుందని మా నాన్న కూడా అనుకుని ఉండడు.

భవదీయుడు,
యదునందన్

తా.క. సోమవారం ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ తర్వాత చేస్తాను.

*

ఆళ్లగడ్డ,
6 మే 2023.

నాయనా యదునందన్,

నీ ఉత్తరం ఈ రోజు అందింది. ఈలోగా బుధవారం, శుక్రవారం కూడా 6.30కే కూర్చున్నాను. నాలుగు తప్పాయి. ఇక మిగిలింది సోమవారం ఒక్కటే.

చర్చిలో ఈ మాట చెప్తే, ఈజిప్టును బైబిల్లోలా ఐగుప్తనే మా జకరయ్యన్న ఏమన్నాడో తెలుసా? ‘ఐగుప్తోళ్లు ఎప్పుడూ అంతేనమ్మా. ఆ కాలంలో మనోళ్లతో ఇటుకలు చేపిచ్చుకున్యారు, ఇప్పుడు గంట గుంజుకున్యారు’ అన్నాడు.

రాహుకాలాన్ని నమ్ముకుని నేను కూర్చోలేను. అందుకని స్క్రీనులోకి వెళ్లి పాఠం వేళను నేనే 6.30 నుంచి 5.30కి మార్చాను. ఒక గంట తీసివేత, ఒకటో తరగతి లెక్క. ఇక నువ్వు శ్రమపడనక్కర్లేదు.

అరుణకుమారి

తా.క. నీ ఉత్తరంలో దీర్ఘాలు రెండు తప్పాయి. ఎర్ర పెన్నుతో దిద్ది దాచాను.

*

నంద్యాల,
8 మే 2023, మధ్యాహ్నం.

టీచరమ్మ గారికి,

శుభవార్త. ఈ ఉదయం తొమ్మిదీ పదికి కొత్త పట్టిక ఎక్కించాను. సారు సర్వరుకు టెంకాయ కొట్టాడు. నీళ్లు లోపలికి పోకుండా నేను అడ్డంగా తువ్వాలు పట్టుకున్నాను. ఇకమీదట మీరు ఏ లెక్కా వేసుకోనక్కర్లేదు, స్క్రీను ఏ వేళ చూపిస్తే ఆ వేళకు కూర్చోండి.

భవదీయుడు,
యదునందన్

తా.క. ఎందుకో మీ ఒక్కరి పాఠం 4.30 అని చూపిస్తోంది. పట్టిక సరికొత్తది, అబద్ధం చెప్పదు. అనుమానం పెట్టుకోకండి.

*

ఆళ్లగడ్డ,
10 మే 2023.

యదునందన్,

సోమవారం స్క్రీను 4.30 అంది. ఐగుప్తువాళ్లు ఇంకో గంట కూడా జరిపారేమో అనుకుని 4.30కే కూర్చున్నాను. 5.30 దాకా చూసి, తలుపు మూసినట్టు ల్యాప్‌టాప్ మూసేశాను. మర్నాడు చూస్తే శాంసన్ పేరు లేదు. కొట్టేశారు. ‘వేచి చూడండి, మరో విద్యార్థి వస్తారు’ అని ఉంది.

నాకు మరో విద్యార్థి వద్దు. అతను మా బడిలో తొమ్మిదో తరగతి చదివినప్పుడు లెక్కల్లో ముప్ఫైమూడు వచ్చాయి. రెండు మార్కులు కలిపితే పాసయ్యేవాడు. వాళ్లమ్మ అంకమ్మ స్టాఫ్ రూమ్ గడప దగ్గర నిలబడి అడిగింది కూడా. నేను కలపలేదు. అతను బడి మానేసి హోటల్లో గిన్నెలు కడగడానికి పోయాడు. ఇన్నేళ్లకు తనంతట తానే నా పేరు వెతుక్కుని చేరాడు. ఇప్పుడు మళ్లీ నా చేతుల మీదుగానే పేరు పోయింది. చాలా కష్టంగా ఉందప్పా. నీ పట్టికలో ఇంకెన్ని గంటలు తప్పినా నేనేమీ అనను, ఆ పేరు మాత్రం తిరిగి పెట్టించు.

అరుణకుమారి

తా.క. ఈసారి నీ ఉత్తరంలో తప్పులు వెతకలేదు.

*

నంద్యాల,
12 మే 2023.

టీచరమ్మ గారికి,

మీ రెండు ఉత్తరాలూ చదివాను. శనివారం మీరు ఒక గంట తీసేశారు. అది తెలియక సోమవారం నేనూ ఒక గంట తీశాను. ఒకే గంటను ఇద్దరం తీశాం, అందుకే 6.30 కాస్తా 4.30 అయింది.

పేరు తిరిగి పెట్టడానికి రికార్డు తెరిచి చూశాను. అతను ఒక్క పాఠం కూడా ఎగ్గొట్టలేదు. ఐదు రోజులూ కైరో టైము మూడింటికి వచ్చి ఖాళీ క్లాసులో గంటసేపు కూర్చున్నాడు. సోమవారం మీరు వెళ్లిన నిమిషానికి వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి ఉంటే తప్ప మా సాఫ్ట్‌వేరు హాజరు వేయదు, టీచరు లేనప్పుడు బోర్డు మీద రాసింది టీచరుకు చూపించదు. మొదటి శుక్రవారమే అతను రాసింది ఇది:

‘టీచరమ్మా, ఈడ గడియారాలు గంట ముందుకు తిప్పినారు. ఇండియాకీ ఈడికీ తేడా ఇంతకుముందు మూడున్నర గంటలు, ఇప్పుడు రెండున్నర. ఈడ 3 అంటే ఆడ 5.30. మీరు 6.30కి వస్తే ఈడ 4 అయితాది, నేను పొయ్యి కాడ ఉంటా. 5.30కి రాండి. లెక్క సరేనా?’

సారుకు చూపించాను. చదివి, ‘వాడు వచ్చినాడు, రానిది మనం. పేరు పెట్టప్పా’ అన్నాడు. పెట్టాను. ఈసారి గడియ చూడమనలేదు. సోమవారం సాయంత్రం 5.30కి పాఠం. దయచేసి ఏదీ తీయకండి, ఏదీ కలపకండి.

భవదీయుడు,
యదునందన్

తా.క. మొన్న సోమవారం బోర్డు మీద ఇలా ఉంది: ‘టీచరమ్మా, పాఠం ఈడి టైము 2కి మార్చినారు. గంట తీసినట్టుండారు, తీయాల్సిన పని లేదు. ఏం కాదులే, మీరు దిగులు పడొద్దు. ఈ లెక్క కొందరికి లేటుగా అర్థమైతాది.’