నీ ఫోటో నొక్కితే

కరీమ్,

నువ్వు పోయి ఏడాదయింది. చేతిలో ఇమిడే చిన్న ఫోను ఒకటి వస్తోందట. మన వాట్సాప్ గ్రూపులో అందరూ దాని మీదే వాదించుకుంటున్నారు. "అరచేతికి పట్టనిది ఫోనా, పలకా?" అని నరసరావుపేట బస్టాండు దగ్గర టీ తాగుతూ నాతో పోట్లాడేవాడివి. ఎప్పుడూ పెద్ద తెర కావాలనే నేను ఈసారి నోరెత్తలేదు. నువ్వు లేని చోట గెలిచి ఏం చేసుకోను?

నిన్న మీ అమ్మ వచ్చింది. చదువు రాని ఆమె కోసం నువ్వు సాఫ్ట్‌వేర్ మార్చి, ఎవరి ఫోటో నొక్కితే వాళ్లకు కాల్ వెళ్లేలా చేసిచ్చిన ఫోను పాడైపోయింది. కొత్తదాంట్లో అన్నీ అలాగే పెట్టాను. మొదటి ఫోటో నీది. నీ నంబరు ఇప్పుడు వేరెవరికో ఇచ్చేశారని చెప్పి, తీసెయ్యనా అని అడిగాను.

"తీయమాక నాయనా. వాడి ఫోటో నొక్కితే నీకొచ్చేటట్టు చెయ్" అంది.

చేశాను. ఇవాళ మధ్యాహ్నం నా ఫోను మోగింది.

"అన్నం తిన్నావంట్రా?"

నేనింకా తినలేదు. అయినా "తిన్నానమ్మా" అన్నాను.

ఆమె మెల్లగా అడిగింది.

"ఏం కూర?"