కుడిచేతి వేట

చిరంజీవి చిన్నాకు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అక్కా బాగానే ఉన్నాం. అక్కకు పోయిన వారం జలుబు చేసింది గానీ, ఇప్పుడు నన్ను విసుక్కునేంత ఓపిక వచ్చింది కాబట్టి తగ్గినట్టే. నువ్వు వేళకు తింటున్నావనీ, వ్యాయామాలు చేయించేటప్పుడు పళ్ళు బిగపట్టి ఊరుకోకుండా నొప్పిగా ఉంటే ఉందని చెబుతున్నావనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. వారానికొక ఉత్తరం కుడిచేత్తో రాయాల్సిందేనని నియమం పెట్టిన ఆ వ్యాయామాల మేడమ్‌కు నా నమస్కారాలు చెప్పు. బలపం పట్టిన నాటి నుంచి ఎడమచేత్తోనే రాసినవాడివి, ఇప్పుడు మళ్ళీ ఓనమాలు దిద్దుకుంటున్నావు. మొదటి ఉత్తరం కోడి కెలికినట్టుంది. నేనూ అక్కా తిప్పి తిప్పి చదివితే 'అమ్మ' అన్న ఒక్క మాటే తెలిసింది. ఆ పూటకు అదే చాలనుకున్నాను. ఈసారి నాలుగు పేజీలూ గడగడా చదివేశాను. చదివాక మాత్రం ఇంత బాగా రాయకపోయినా బాగుండేదనిపించింది. ఆ చికిత్స కేంద్రంలోనే స్టోరులో పని ఇస్తామన్నారనీ, నెలాఖరులోగా మాట చెప్పాలనీ, ఇంటికొచ్చి వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ చెయ్యి చూపించుకుంటూ బతకలేను గనుక అక్కడే ఉండిపోతాననీ ఒక్క కొట్టివేత లేకుండా రాశావు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మొదటిది, నా కుట్టుమెషిన్ చప్పుడు తగ్గిందా అని. తగ్గింది. నూనెబుడ్డి మామయ్య వచ్చి బెల్టు మార్చాడు. ఎప్పటిలాగే ఆయన చేతిలో నూనెడబ్బా, నోట్లో స్క్రూలు. ఆ స్క్రూలు తీయకుండానే నీ గురించి అడిగాడు, నాకు సగమే అర్థమైంది, సగానికే జవాబు చెప్పాను. బడి యూనిఫారాల పని వచ్చి పడింది. ఇంటినిండా కాలర్లే. కూర్చోబోతే కాలరు, పడుకోబోతే కాలరు. అక్క నిన్న కాలరుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

రెండోది, నీ గేమ్ పెట్టె ఎవరికిచ్చానని. అది నా కంట పడకూడదు, ఎవరికైనా ఇచ్చెయ్ అని నువ్వు రాస్తే, ఇచ్చేశానని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం చిన్నా. నీ మంచం పక్కన నువ్వు పెట్టిన చోటే ఉంది. దాని మీద దుమ్ము కూడా లేదు. ఎందుకు లేదో చెబుతాను, నవ్వకు. నేను ఆడుతున్నాను.

ఆడదామని మొదలుపెట్టలేదు. నువ్వు ఆ ఆట పెట్టగానే ఒక సంగీతం వస్తుందే, అది గోడ అవతల నుంచి వినిపిస్తే నువ్వు గదిలో ఉన్నట్టే ఉంటుందని, దాన్ని పెట్టేసి వచ్చి మెషిన్ ముందు కూర్చున్నాను. రెండు కాలర్లు కుట్టాను. మూడోది తలకిందులుగా కుట్టాను. ఇక లాభం లేదని లేచి నీ గదిలోకి వెళ్ళి కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాను.

నీ వేటగాడు గుడారం ముందు నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆ వీపు మీద వాడంత పొడుగు కత్తి. ఎడమ స్టిక్ తిప్పితే నడుస్తాడని, కుడి స్టిక్ తిప్పితే కెమెరా తిరుగుతుందని అక్క ఫోనులో చూసి చెప్పింది. నేను ఎడమది తిప్పితే ఆకాశం గిర్రున తిరిగింది. కుడిది తిప్పితే వాడు పోయి ఒక బండకు తల ఆనించి అక్కడే పరిగెత్తసాగాడు. మూడు మధ్యాహ్నాలు ఇదే తంతు. నా బుర్రకు ఇది ఎక్కదని తేల్చుకున్నాక అక్క సెట్టింగులు తెరిచి చూసి పకపకా నవ్వింది.

"అమ్మా, తమ్ముడు రెండూ అటూ ఇటూ మార్చి పెట్టుకున్నాడు చూడు! వాడిది ఎడమచేతి వాటం కదా. ఆగు, సరిచేస్తాను."

"వద్దు, అలాగే ఉండనీ," అన్నాను. "వాడెలా పెట్టుకున్నాడో అలాగే నేర్చుకుంటా."

చిన్నప్పుడు కత్తెర ఆ చేత్తో పట్టుకోకని నిన్ను కసిరినదాన్ని, ఇప్పుడు నీ వాటం నేర్చుకోవడానికి కూర్చున్నాను. అక్క సెట్టింగులు అలాగే మూసేసింది.

నడక వచ్చాక వేటకు వెళ్ళాను. ఎలుగుబంటి ఒళ్ళు, బల్లి తోక ఉన్న ఆ మృగం ఉందే, అదే. అది అరిస్తే నీ వేటగాడు చెవులు మూసుకుంటాడు. నేనూ కంట్రోలర్ వదిలేసి చెవులు మూసుకున్నాను. ఈలోగా అది వచ్చి ఇద్దరినీ ఒకేసారి పడగొట్టింది. మందు తాగుదామంటే వాడు తాగడు. ముందు కత్తి వీపున పెట్టాలట, ఆ తర్వాత తీరిగ్గా సీసా ఎత్తాలట. అందాకా ఆగే మర్యాద ఆ మృగానికి లేదు. మూడుసార్లు పడిపోతే వేట రద్దు. నాకు వేటలన్నీ రద్దే.

అన్నిటికంటే చంపుకు తిన్నది కెమెరా. మృగం ఒక పక్క, నా చూపు ఇంకో పక్క. మూలకు వెళ్ళానా, కెమెరా పోయి కొండకు అతుక్కుపోతుంది, మృగం పొట్ట మీది బొచ్చు తప్ప ఏమీ కనిపించదు. మెల్లగా తెలిసింది. వేటగాణ్ణి చూడకూడదు, వాడి సంగతి వేళ్ళు చూసుకుంటాయి. దాని భుజాలు చూడాలి. తోక ఎత్తితే పక్కకు దొర్లాలి. తల దించితే దూకబోతోందని. పైగా నీ కత్తి బరువు, బటన్ నొక్కిన చాలాసేపటికి దెబ్బ పడుతుంది. అది ఉన్నచోట కాదు, రాబోయేచోట కొట్టాలి. మెషిన్ మీద కూడా అంతే కదా, సూదిని చూస్తూ కుట్టేవాళ్ళకు కుట్టు వంకరపోతుంది, చూపు రెండంగుళాలు ముందుండాలి. ఈ ముక్క తెలిశాక నాకూ ఆ ఆటకూ కాస్త పొత్తు కుదిరింది.

ఒకరోజు దాన్ని కుంటేదాకా కొట్టాను. అక్క వంటింట్లోంచి భోజనానికి పిలిచింది. "ఒక్క నిమిషం!" అని అరిచాను. అరిచాక ఉలిక్కిపడ్డాను. అచ్చం నీ గొంతే. అంత చిరాకూ, అంత బతిమాలడమూ కలిసిన గొంతు. నేను ఒక్క నిమిషం ఇవ్వకుండా ప్లగ్గు పీకేసిన రోజు గుర్తుందా? రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఒక ఆట కోసం ఇంత పంతమా అనుకున్నాను. నలభై నిమిషాలు కష్టపడి తరిమితే గానీ అది కుంటదని నాకేం తెలుసు? ఇప్పుడు తెలిసింది, ఆ రోజుకు క్షమాపణ ఇప్పుడు చెబుతున్నాను.

ఆ సాయంత్రమే, ఇది ఒంటిచేత్తో ఆడొచ్చా అని ఒక ఆలోచన వచ్చింది. కొలతల టేపుతో ఎడమచేతిని నడుముకు కట్టేయమన్నాను అక్కను. మతిపోయిందా అంది. కట్టింది. కుడి బొటనవేలితో నడిపించాలి, అదే వేలితో కొట్టాలి. నీ కత్తితో ఎలాగూ ఆగి కొట్టాలి గనుక నడక వదిలి బటన్ దగ్గరకు వెళ్ళే వ్యవధి ఉంది. చూపుడువేలూ మధ్యవేలూ పైనున్న బటన్లకు అందాయి. మిగిలింది కెమెరా. నువ్వు ఎడమచేత్తో తిప్పేది. దానికి చెయ్యి లేదు. ఎటు తిప్పాలో తోచక కూర్చుంటే నా కాలు దానంతటదే నేల మీద ఆడింది. ముప్పై ఏళ్ళుగా నా చేతులు గుడ్డను పట్టుకుంటే మెషిన్‌ను తిప్పుతున్నది ఆ కాలే కదా.

నూనెబుడ్డి మామయ్యను పిలిపించాను. బటన్ ఊడిందని నువ్వు అటక మీద పడేసిన పాత కంట్రోలర్ ఇచ్చి, దీని స్టిక్‌కు ఒక పెడల్ అమర్చి పెట్టమన్నాను.

"ఇదెందుకమ్మా చెల్లెమ్మా?" అన్నాడు.

"చూడ్డానికి."

"కాలితోనా చూసేది!" అని నోట్లో స్క్రూలు ఊడి పడేలా నవ్వాడు. ఎవరి కోసమో చెప్పాక మాత్రం నవ్వలేదు. నాలుగు రోజులు తిప్పలు పడి చేసి తెచ్చాడు. మునివేళ్ళు నొక్కితే చూపు కుడికి, మడమ నొక్కితే ఎడమకు. రెండు కంట్రోలర్లూ ఒకటిగా పనిచేసే అమరిక ఎక్కడుందో అక్క వెతికి పట్టుకుంది. కంట్రోలర్ జారిపోకుండా తొడ మీద నిలిచేలా నేనొక మెత్త కుట్టి దానికి పట్టీ పెట్టాను. మొదటి మెత్త ఎత్తయింది, రెండోది జారింది, మూడోది కుదిరింది.

శుక్రవారం ఆ మృగాన్ని ఒంటిచేత్తో పడగొట్టాను చిన్నా. టేపు కట్టుకునే ఉంది. కుంటుతూ తన గుహలోకి పారిపోతే వెంటపడి మరీ పడగొట్టాను. అక్క ఎగిరి గంతేసింది. అప్పుడు కెమెరా నా కాలి ప్రమేయం లేకుండా తనంత తానే ముందుకు తిరిగి వేటగాడి మొహం చూపించింది. అన్ని రోజులూ వీపే చూశాను గానీ మొహం ఎప్పుడూ పట్టించుకోలేదు. వాడికి నీ మొహమే దిద్దుకున్నావు కదూ? ఆ కనుబొమ్మలు, ఆ గడ్డం. నాలుగు నెలలైంది నిన్ను చూసి. వస్తానంటే వద్దంటావు, ఫోను చేస్తే ఎత్తవు. టేపు విప్పుకోవడం కూడా మరిచిపోయి ఏడ్చాను. తర్వాత బాగా చూశాను. వాడికి రెండు చేతులూ ఉన్నాయి, పది వేళ్ళూ ఉన్నాయి. వాడు నాకు అక్కర్లేదు. నాకు నువ్వే కావాలి.

ఇక మూడోది. ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో ఉన్న నన్ను, నా పేరు కూడా సరిగ్గా తెలియని మేస్త్రీ ఏరికోరి రేకులు నొక్కే ప్రెస్సు మీదకు ఎందుకు మార్చాడు అని అడిగావు. నాలో ఏదో పనితనం చూసి ఉంటాడు, దాన్ని నేనే నిలబెట్టుకోలేకపోయాను అని కూడా రాశావు. ఆ చివరి వాక్యం చదివాక ఉత్తరం మడిచి పెట్టేశాను. మళ్ళీ విప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఆయన నిన్ను ఏరలేదు. నేను అడిగాను.

ఆయన కూతురి యూనిఫారం ఇచ్చే వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. ప్రెస్సు మీద ఉన్నవాళ్ళ ఉద్యోగాలే ఖాయం చేస్తారట, మా వాణ్ణి దాని మీద పెట్టండని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మీవాడిది ఎడమచేతి వాటం కదమ్మా. ఆ మెషిన్ కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. కొన్నాళ్ళు ఆగితే వేరేది చూద్దాం," అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "అదే అలవాటవుతుంది లెండి," అన్నాను. ప్యాకింగ్‌లో తొందరగా పని ముగించుకొచ్చి ఆట ముందు కూర్చుంటున్నావని నా బాధ. పెద్ద మెషిన్ మీద ఉంటే మనిషివవుతావనుకున్నాను.

నీ ఆటలో అటూ ఇటూ మార్చుకోవడానికి ఒక సెట్టింగు ఉంది. ఆ ప్రెస్సుకు లేదు. లేదని నాకు ముందే చెప్పారు, నేను వినలేదు. అక్క ఆ సెట్టింగు చూసి నవ్విన రోజు నేనూ నవ్వాను గానీ, లోపల ఆ మేస్త్రీ మాటే వినిపించింది.

ఆ ప్రెస్సులో ఎడమచెయ్యి పోయాక, ఆస్పత్రిలో కళ్ళు తెరవగానే నువ్వు "నాదే పొరపాటమ్మా, చూసుకోలేదు" అన్నావు. నేను నీ తల నిమురుతూ ఊరుకున్నాను. అప్పుడే చెప్పాల్సింది. అప్పటి నుంచి ఉత్తరం రాసిన ప్రతిసారీ చెబుదామనుకోవడం, కాలర్ల గురించి రాసి అంటించేయడం. నీ పొరపాటు ఏమీ లేదు నాన్నా. చెయ్యి నీది, పొరపాటు నాది.

ఈ సంగతి అక్కకు కూడా తెలియదు. మొదట నీకే రాస్తున్నాను. ఇది చదివాక నా మొహం చూడబుద్ధి కాకపోతే ఆ స్టోరు పని ఒప్పుకో. నేనేమీ అనను, అనే హక్కు లేదు. కానీ సిగ్గుపడి మాత్రం అక్కడ ఉండిపోకు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. రాకూడదనుకుంటే నా మీద కోపంతో మానుకో, నీ చేతి వల్ల ఆగిపోకు.

తిట్టాల్సినదంతా ఉత్తరంలో రాసి సరిపెట్టకు. వచ్చి, నా ఎదురుగా నిలబడి తిట్టు. ఎన్నాళ్ళు తిట్టినా వింటాను. నిన్ను చూడాలి చిన్నా.

ఇట్లు,
నువ్వు ఏమన్నా నీకు
అమ్మ