తమ్ముడి మీద నామినేషన్

మెదక్,
బుధవారం.

చిరంజీవి మహతికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా చల్లగా ఉన్నాం. రాయ్‌పూర్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్మి మిగతా సంగతులు మొదలుపెడుతున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నవ్వకు. ఫోనెత్తితే మీ నాన్న స్పీకర్ పెడతాడు, గల్లీ అంతా వింటుంది. ఇందులో రాసేది గల్లీకి కాదు, మీ నాన్నకూ కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నా మోకాలు బాగానే ఉంది, మున్సిపల్ ఓట్ల పుణ్యమా అని రోజూ నడిచాను కదా. మీ నాన్న షుగర్ అదుపులో ఉంది, నాలుక మాత్రం లేదు. మన కర్రీ పాయింట్ ఎప్పటిలా నడుస్తోంది, మధ్యాహ్నానికే పచ్చిపులుసు అయిపోతోంది. ఇక, "అమ్మా, నీది లెఫ్టా, రైటా? ఏ పార్టీ?" అని అడిగావు. నాకు పార్టీ లేదు తల్లీ. ఒకరొచ్చి అది ఫ్రీ అంటారు, ఇంకొకరొచ్చి అంతకు రెండింతలు ఫ్రీ అంటారు. ఆ ఇచ్చేది మనం ఉప్పుకీ పప్పుకీ కట్టిన పన్నులోంచే కదా! ఇంకో జట్టు వచ్చి ఏం తినాలో, ఎవరిని పెళ్లాడాలో చెబుతుంది. లెఫ్టయినా రైటయినా, కొంచెం పక్కకు జరిగి మా పని మమ్మల్ని చేసుకోనివ్వండనే రకం నేను. దానికేదైనా పేరుంటే నువ్వే చెప్పు, చదువుకున్నదానివి.

ఇప్పుడు అసలు ప్రశ్న. "వార్డంతా మామకే ఒప్పుకున్నాక నువ్వొక్కదానివే ఎందుకు అడ్డం తిరిగావు? మామ నా ఫోన్ కూడా ఎత్తడం లేదు" అని కోపంగా రాశావు. కోపం తగ్గించుకుని మొదటినుంచీ విను.

మీ రఘుపతి మామ మంచివాడు. నేను చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడని కాదు, నిజంగానే మంచివాడు. ఎరువుల దుకాణం పెట్టినా ఒక్క రైతుతో మాట పడలేదు. వాడు కౌన్సిలర్ అయితే నాకేం బాధ? కానీ మన వార్డు పెద్దలు ఫంక్షన్ హాల్లో కూర్చుని, మటన్ తిని, ఏకగ్రీవం చేద్దామన్నారు. మామ హాలుకు టైల్స్ వేయిస్తాడట, గల్లీకి కెమెరాలు పెట్టిస్తాడట. బదులుగా ఇంకెవరూ నామినేషన్ వేయకూడదు. మాట మీద నమ్మకం లేక, నిలబడతారనుకున్న మగవాళ్లందరినీ రెండు తుఫాన్ జీపుల్లో ఏడుపాయల గుడికి తీసుకెళ్లి, చేతిలో పసుపు పెట్టి దుర్గమ్మ ముందు ఒట్టు వేయించారు. మీ నాన్న కూడా వేసి వచ్చాడు. "మా ఇంట్ల నుంచి ఎవ్వరు నిలవడరు" అని.

"నా తరఫున ఒట్టేసేటప్పుడు నన్నడిగినవా?" అన్నాను.

"నువ్వు నిలవడ్తవని కలగన్ననా?" అన్నాడు.

అదే వాళ్లు చేసిన తప్పు. వార్డులో మగవాళ్లనందరినీ కట్టేశారు, ఆడవాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. ఒక్క ఆడదానితోనూ ఒట్టు వేయించలేదు! నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత కోపం వచ్చింది. టైల్స్ ఇచ్చి మా ఓటు రోజును కొనుక్కున్నారు కదా, అమ్మింది ఎవరు? నేను అమ్మలేదు. వాడు గెలవాలి, సరే. అడిగి గెలవాలి.

మరునాడే మన పక్కింటి ఎలిశిబాను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి నామినేషన్ వేశాను. మిషన్ కాంపౌండ్‌లో నర్సుగా చేసి రిటైరైన మనిషి, దేనికీ బెదరదు. నన్ను బలపరుస్తూ సంతకం పెట్టింది. బల్ల దగ్గరున్నాయన కాగితాలు చూసి, "ఇంట్ల చెప్పి వచ్చినవా అమ్మా?" అన్నాడు.

"మీరు చెప్పి వచ్చిండ్రా సార్?" అన్నాను.

తర్వాత ఎన్నికల గుర్తుగా గౌను ఇచ్చారు. అరవైకి దగ్గరపడ్డ చీర మనిషికి గౌను! ఎలిశిబా మెట్ల మీదే కూర్చుని నవ్వింది.

నామినేషన్ వేసిన సాయంత్రమే మామ బండి మీద వచ్చాడు. లోపలికి కూడా రాలేదు.

"నీకేం తక్కువ జేసిన అక్కా? నా మీదనే నిలవడ్తవా?"

"నీ మీద కాదురా. నీకు ఓటెయ్యాల్నా వద్దా అని మమ్మల్ని ఒక్కపాలి అడగమని."

"ఊరంతా ఒక్క మాట మీదుంటే నువ్వొక్కదానివి..." అంటూనే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి మన ఇంట్లో చేయి కడగలేదు. మీ అత్త స్నేహలత కూడా ముఖం తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది మహతీ, దాచడమెందుకు. ఉన్న ఒక్క తమ్ముడు పోతాడేమోనని భయమేసింది. విత్‌డ్రా చేసుకుందామని ఒకసారి చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లాను కూడా. ఎలిశిబా చూసి, "పోతే పో సువర్ణా. గని రేపు వాడేమన్న తప్పు జేస్తే అడిగెటందుకు నీకు నోరుండది" అంది. వెనక్కి వచ్చి చెప్పులు విప్పేశాను.

ప్రచారం మాత్రం మస్తు సరదాగా జరిగింది. వెళ్లిన ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: "గెలిస్తే ఏమిస్తవ్ సువర్ణక్కా?"

"ఏం ఇయ్య. ఏం గుంజుకోను. మీ బండి పెట్టుకున్న జాగల నుంచి లేపను. మీ పిల్ల ఎవ్వరిని చేస్కుంటదో అడ్గ. మోరీ మాత్రం తీపిస్త."

"గిట్ల చెప్తే ఓట్లు పడ్తయా?" అని ఎలిశిబా తల పట్టుకునేది. పడలేదు కూడా!

కానీ జరిగింది చూడు. పోటీ ఉందనేసరికి మామ కూడా ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. దుకాణం కుర్చీలో కూర్చుని కౌన్సిలర్ కావలసిన మనిషి ఎండలో నల్లబడ్డాడు. చివరి గల్లీ ఆడవాళ్లు వాడిని మురుగు పొంగే మోరీ పక్కనే నిలబెట్టి, "జరసేపు ఇక్కణ్ణే మాట్లాడు బిడ్డా, మేం రోజు ఉంటలేమా" అన్నారట. ముక్కు మూసుకోకుండా మొత్తం విన్నాడట. ఆ మాట వింటే నాకు గర్వంగా అనిపించింది, పోటీ అభ్యర్థిని అయ్యుండీ.

ప్రచారం ఆఖరి రోజు మన గడప ముందుకు వచ్చాడు.

"రా, కూసో. అన్నం తింటవా?" అన్నాను.

"తిననీకి రాలే. ఓటు అడగనీకి వచ్చిన." చేతులు జోడించాడు. వెటకారంగా కాదు.

నా కళ్లు నిండాయి. వాడు నాకు చీరలు పెట్టాడు, నేను వద్దన్నా దవాఖానా ఖర్చులు పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక నన్నొక మాట అడగడం మాత్రం అదే మొదటిసారి.

"నీకెందుకెయ్యాలె?" అన్నాను.

"మోరీ తీపిస్త. పైసలు ఏడికెళ్లి వచ్చినయో, ఎట్ల ఖర్చయినయో ఏడాదికోపాలి గల్లీల నిలవడి చెప్త. చెప్పకపోతే నువ్వు మళ్ల నా మీద నిలవడు."

"ఆలోచిస్త."

"సొంత తమ్మునికి గూడ ఆలోచిస్తవా అక్కా!" అని తినకుండానే వెళ్లిపోయాడు.

మామ భారీగా గెలిచాడని నీకు తెలుసు. నాకొచ్చిన ఓట్లన్నీ భోజనానికి వస్తే ఒక కుక్కరు బగారా అన్నం మిగిలిపోయేది. మీ నాన్న మాత్రం తన ఓటు నాకే వేశానని ఒట్టేసి చెబుతున్నాడు. ఆయన ఒట్ల సంగతి మనకు తెలుసుగా. డప్పులతో ఊరేగింపు మన ఇంటి ముందు ఆగకుండా వెళ్లినప్పుడు మనసు చివుక్కుమంది. అయినా సోమవారం మోరీ పని మొదలైంది.

నిన్న మధ్యాహ్నం మామ కర్రీ పాయింట్‌కు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను పళ్లెం పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక తలెత్తకుండానే, "నీ ఓటు నీకే ఏసుకున్నవ్ గద?" అన్నాడు.

"గది చెప్పేది కాదు."

"ఏసుకున్నవ్‌లే. నాకెర్కే" అని కాస్త నవ్వి, ఇంకొంచెం పప్పు వేయమన్నాడు. ఇంకా లోపల నొప్పి ఉంది, కానీ తిన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రేపు నువ్వు ఫోన్ చేసి చూడు, ఎత్తుతాడు.

ఇక నీకొక్కదానికే చెప్పే మాట. మామకు చెప్పకు, అడిగినా చెప్పకు. పోలింగ్ బూత్‌లో అట్టల చాటున బ్యాలెట్ పరిచి ముద్ర చేతబట్టుకున్నప్పుడు నా పక్కన వార్డు పెద్దలు లేరు, మీ నాన్న లేడు, తమ్ముడూ లేడు. నా గౌనును చూసి జాలేసింది. అయినా నా ఓటు దానికి వేయలేదు. నీ మామకు వేశాను. మోరీ దగ్గర ముక్కు మూసుకోకుండా నిలబడ్డ మనిషి, అడిగిన మనిషి, నాకంటే వాడే బాగా చేస్తాడనిపించింది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా నేనే వేశాను. అలా వాడికి ఓటు వేయాలంటే, ముందు నేను వాడి మీద నిలబడాల్సి వచ్చింది తల్లీ.

ఇట్లు,
ఓడిపోయి హాయిగా ఉన్న
మీ అమ్మ
సువర్ణ