గుడ్లగూబ కాలి కడియం

రంగూన్
అచ్చమ్మప్పకు తమ్ముడు బుల్లియ్య దణ్ణాలు. నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడొద్దు.

మొన్న రేవు గోదాం మీద ఒక గుడ్లగూబ సొమ్మసిల్లి వాలింది. మనవాళ్లు అపశకునమని రాళ్లు తీస్తే నేను అడ్డుపడి పట్టుకున్నాను. దాని కాలికి రేకు కడియం ఉంది. ఇన్సేన్ జైల్లో ఖైదీకి వేసినట్టు దీనికెవరు సంకెల వేశారోనని జాలిపడి, కత్తితో ఊడదీసి ఏట్లో పారేసి, పిట్టను వదిలేశాను. పుణ్యమే చేశాననుకున్నాను.

పిట్టల రాకపోకలు రాసుకునే దొర దగ్గర వంటవాడు జ్ఞానదాసుకు చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి ఎర్రోడా, అది సంకెల కాదురా! సలికాలం ఎక్కడో మంచుదేశం నుంచి పిట్ట ఏ మూలకెల్తాదో తెలవాలని అక్కడోళ్లు ఏసిన గురుతు. ఇంక అది సచ్చిందో బతికిందో ఆళ్లకేటి తెలుస్తాది?"

ఆ మాట నన్ను వదలడం లేదప్పా. మీకు చెప్పకుండా ఓడెక్కాను, ఇక్కడా చెప్పకుండానే చోట్లు మారాను.

అమ్మ దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతపండు పంపించు. పిల్లలకు ముద్దులు, బావకు దణ్ణాలు.

నేనుండేది బోటాటౌంగ్ రేవు పక్కన, బంగారురాజు మేస్త్రీ ఇంట్లో. ఇక్కడి నుంచి కదిలితే ముందు నీకే కార్డు వేస్తాను.