పదహారడుగుల నీళ్లు

అమ్మా, దేవుని దయతోటి ముగ్గురం మంచిగున్నం. ఫోన్‌ల చెప్తే ఏడుస్తవని కార్డు రాస్తున్న.

సముద్రం పక్కన కాపురమంటే నా బిడ్డ గ్లోరీ ఏమైపోతదోనని నీ ఫికర్. అందుకే అలలకు ఎదురుంగ ఉన్న ఇల్లు వద్దన్నం. బాపట్ల దిక్కు, సముద్రానికి అర కిలోమీటరు ఇవతల, జాలర్ల ఊర్ల ఇల్లు కిరాయికి తీసుకున్నం. గ్లోరీ ఒక్కతే ఇసుక దిక్కు నడిస్తే వలలు బాగుచేసేటోళ్లు ఎత్తుకొచ్చి ఇంట్ల దించుతరు.

ఇల్లు చూసేటప్పుడు మన అలవాటు కొద్ది అడిగిన: “బోరు ఎన్ని వందల ఫీట్లు ఏసిన్రు?”

ఇంటామె ఒకటే నవ్వు. “వందలా? పదహారడుగులేనండీ. ఇంకా లోతుకెళ్తే ఉప్పునీళ్లొస్తాయి.”

చేతిపంపు కొట్టి దోసిట్ల పట్టి తాగిన. తియ్యగున్నయమ్మా.

నీ మోకాళ్ల గోళీలు వేసుకుంటున్నవా? తమ్ముడు సాల్మన్ పరీక్ష ఏమైంది? వచ్చేటప్పుడు జొన్నపిండి తే, ఈడ దొరుకతలేదు.

మన చెల్కల ఐదు బోర్లు ఏసి నాయిన దుమ్మే చూసిండు. పదహారడుగుల ముచ్చట ఆయనకు చెప్పకు. ఊకె తోలుకొని రా. పంపు ఆయన చేతనే కొట్టిస్త.

అందరికీ వందనాలు.
నీ బిడ్డ స్వర్ణ